వెండిపై రెండక్షరములు: ఆంగ్లదేశపు రజతకార స్త్రీలు



ఒక సంస్థకు ఇరువదియైదేండ్లు నిండినప్పుడు జరుపు పండుగను రజతోత్సవమందురు. రజతమనగా వెండి. గ్రంథాలయమునకు వెండి పండుగ జరుగుచున్న వేళ వెండిని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుట అసందర్భము కాదు. అయితే ఇచట చెప్పబోవునది వెండి వెలను గూర్చి కాదు. పదునెనిమిదవ శతాబ్దమున లండను నగరమందు వెండి చెంచాలు, తేనీటి కూజాలు, ఉప్పు గిన్నెలు తయారుచేసి, చేయించి, అమ్మిన స్త్రీలను గూర్చి. వారు రాణులు కారు, కవయిత్రులు కారు. బిడ్డలను పెంచుకొనుచు కార్ఖానాలు నడిపినవారు. అయినను వారి పేర్లు రెండువందల యేండ్లు గడచినను చెడక నిలిచియున్నవి. అవి ఎట్లు నిలిచినవో, వారి ప్రక్కన పనిచేసిన ఎందరి పేర్లు నిలువకపోయినవో తెలిసికొనుట, పుస్తకములను కాపాడువారికి మిక్కిలి అవసరము.

వెండి మెత్తని లోహము. శుద్ధమైన వెండితో చెంచా చేసినచో కొలది దినములకే వంగిపోవును. అందుచే గట్టిదనమునకై దానిలో కొంత రాగిని కలుపుదురు. ఎంత కలిపిరో కంటితో చూచి చెప్పుట దుర్లభము. కావున ఇది కొనువాడు సులువుగా మోసపోగల సరకు. ఈ మోసమును అరికట్టుటకు ఇంగ్లండు రాజ్యము చాల పూర్వమే చట్టము చేసెను. వేయి పాళ్లలో 925 పాళ్లు వెండి యుండి తీరవలెనని నియమము. ఆ వన్నెకు స్టెర్లింగు అని పేరు. పరీక్షకు నిలిచిన వస్తువుపై చిరుతపులి తల ముద్ర వేయవలెనని 1300లో శాసనమైనది. ప్రతి పనివాడును తన సొంత గుర్తును కూడ వేయవలెనని 1363లో మరియొక శాసనమైనది. ఏ సంవత్సరమున పరీక్ష జరిగినదో తెలియుటకు 1478 మొదలు ఒక అక్షరమును, స్టెర్లింగు వన్నెకు సూచకముగా 1544 మొదలు నడచుచున్న సింహపు బొమ్మను ముద్రించుట ఆచారమైనది.

ఈ పరీక్ష లండనులో గోల్డ్‌స్మిత్స్ హాలు అను భవనమున జరుగును. అది బంగారు, వెండి పనివారి సంఘమునకు చెందిన మందిరము. ఆ కాలమున పరీక్ష జరిగిన విధము ఇట్టిది. పాత్రనుండి కొంచెము పొడి గీచి తీసి తూచెడివారు. దానిని సీసపు రేకులో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో నుంచి కొలిమిలో కాల్చెడివారు. సీసము కరగి, రాగి మొదలగు హీనలోహములను తనతో గొని ఆ బూడిద గిన్నెలోనికి ఇంకిపోవును. శుద్ధమైన వెండి పూస మాత్రము మిగులును. దానిని మరల తూచినచో తరుగెంతయో తేలిపోవును. వన్నె తగ్గిన వస్తువును విరుగగొట్టి, చేసినవానికి తిరిగి ఇచ్చెడివారు. ఆ హాలునందు వేయు ముద్ర గనుక దానికి హాల్‌మార్కు అను పేరు వచ్చినది. ఈ మాట నేడు తెలుగునాట నగల దుకాణమునకు పోవు ప్రతి యిల్లాలికిని తెలిసినదే. భారతదేశమున ప్రమాణముల సంస్థ బంగారమునకు 2000లోను, వెండికి 2005లోను ఈ పద్ధతిని ప్రవేశపెట్టెను.

కావున పాత ఆంగ్ల చెంచా నొకదానిని తీసికొని కాడ వెనుక భాగమును చూచినచో, అది చిన్న పుస్తకమువలె చదువదగియుండును. సింహము వన్నెను చెప్పును. చిరుతపులి తల లండను నగరమును చెప్పును. అక్షరము సంవత్సరమును చెప్పును. 1784 డిసెంబరు మొదలు మరియొక ముద్ర చేరినది. వెండిపై పన్ను చెల్లించితిమనుటకు గుర్తుగా రాజుగారి తల బొమ్మ వేయసాగిరి. వీటితోపాటు రెండు మూడక్షరములు గల చిన్న ముద్ర యొకటి యుండును. అది చేసినవారి గుర్తు. ఆ గుర్తును వాడదలచినవారు ముందుగా హాలునకు పోయి, అచటి పుస్తకమున తమ పేరు, నివాసము, తేదీ వ్రాయించి, గుర్తు నమూనాను వేసి రావలెను. వన్నె తప్పినచో ఎవరిని పట్టుకొనవలెనో ప్రభుత్వమునకు తెలియుటకే ఈ యేర్పాటు. స్త్రీల కీర్తిని కాపాడవలెనని దీనిని ఎవరును చేయలేదు. అయినను ఫలితము అట్లే పరిణమించెను.

ఆ కాలపు ఇంగ్లండులో వివాహితయైన స్త్రీకి చట్టము దృష్టిలో సాధారణముగా వేరు ఆస్తి లేదు. ఆమె సంపాదన భర్తది, ఆమె పనిముట్లు భర్తవి. వివాహిత తన ఆస్తిని తానే అనుభవించు హక్కు పూర్తిగా చట్టమునకెక్కినది 1882లో. కావున భర్తతో కలిసి ఇరువది ముప్పది యేండ్లు కార్ఖానాలో పాటుపడిన స్త్రీయైనను, వస్తువుపై పడునది భర్త గుర్తే. భర్త గతించిన పిదప మాత్రము వృత్తిసంఘముల ఆచారము ననుసరించి వితంతువు ఆ వ్యాపారమును కొనసాగింపవచ్చును, శిష్యులను చేర్చుకొనవచ్చును, తన పేర గుర్తు వేయించుకొనవచ్చును. అట్టి వితంతువులు కొందరు తమ అక్షరములను చతురస్రమును కొనపై నిలిపినట్లుండు చట్రములో వ్రాయించుకొనిరి. పురుషులు డాలుపై వేసికొను వంశచిహ్నములను స్త్రీలు ఆ యాకారమున వేసికొనుట ఆ దేశపు మర్యాద. దుఃఖము కలిగిన యింటనే పేరు పుట్టుట విధి వైచిత్ర్యము.

వీరిలో ఎక్కువ ప్రసిద్ధి గాంచినది హెస్టర్ బేట్‌మన్. ఈమె 1708లో లండనులో పుట్టెను. 1732లో జాన్ బేట్‌మన్ అను వానిని పెండ్లాడెను. బంగారు తీగ తీసి గొలుసులు చేయుట అతని వృత్తి. కమ్మచ్చులోనుండి తీగను లాగుట ఎంత ఓర్పు గల పనియో కంసాలి యింటివారికి చెప్పనక్కరలేదు. ఆ దంపతులు లండనులో బన్‌హిల్ రో అను వీథిలో కాపురముండి, అచటనే పని సాగించిరి. 1760లో భర్త క్షయవ్యాధిచేత మరణించెను. పోవుచు తన పనిముట్లను భార్యకు వ్రాసియిచ్చెను. అప్పటికి హెస్టరునకు ఏబది యేండ్లు దాటినవి. ఆమె చదువు వ్రాతలు నేర్చినది కాదని ఆమె చరిత్రను పరిశోధించినవారు చెప్పుదురు. అట్టి స్త్రీ 1761 ఏప్రిల్ 16వ తేదీన గోల్డ్‌స్మిత్స్ హాలునకు పోయి, తన పేరులోని మొదటి యక్షరములైన హెచ్, బి అను రెంటిని గొలుసుకట్టు వ్రాతలో చెక్కించి తన గుర్తుగా నమోదు చేయించెను.

మొదట పదిపండ్రెండేండ్లు ఆమె గుర్తు బయటి లోకమునకు అంతగా కనబడలేదు. ఆమె కార్ఖానా ఇతర వ్యాపారులకు సరకు చేసియిచ్చుచుండెను. ఆ వ్యాపారులు ఆమె గుర్తుపై తమ గుర్తును కొట్టి అమ్ముకొనెడివారు. నేటికిని కొన్ని వస్తువులపై పై యక్షరముల క్రింద ఆమె యక్షరములు నీడవలె కనబడుచుండును. 1774 ప్రాంతమునుండి ఆమె వస్తువులు ఆమె గుర్తుతోనే విరివిగా వెలువడసాగినవి. చెంచాలు, చక్కెర పట్టుకార్లు మాత్రమే కాక తేనీటి కూజాలు, పాల చెంబులు, ఉప్పు గిన్నెలు, ఆవపిండి డబ్బీలు, పళ్లెరములు, రొట్టెల బుట్టలు ఆ కార్ఖానా నుండి వచ్చెను.

ఆమె విజయమునకు కారణమేమి? ఆ కాలమున వెండిపనివారికి ఒక పెద్ద పోటీ యేర్పడియుండెను. 1743 ప్రాంతమున షెఫీల్డు నగరమందు థామస్ బౌల్సవర్ అను వాడు రాగిరేకుపై పలుచని వెండిరేకు నంటించి, రెంటిని కలిపి సాగగొట్టు పద్ధతిని కనుగొనెను. పైకి వెండి, లోపల రాగి. వెల చాల తక్కువ. మధ్యతరగతి గృహస్థులు దానివైపు మొగ్గిరి. నిజమైన వెండిని నమ్ముకొన్నవారు నిలువవలెనన్నచో వెల తగ్గింపవలెను. బేట్‌మన్ కార్ఖానా యంత్రములపై పలుచగా సాగదీసిన వెండిరేకును వాడసాగెను. కడ్డీని సుత్తెతో గంటల తరబడి కొట్టి పాత్రగా లేపుటకు మారుగా, రేకును కత్తిరించి, వంచి, టంకము పెట్టి అతికినచో శ్రమయు తగ్గును, లోహమును తగ్గును. అయితే పలుచని రేకు బిగువుగా నుండదు. అందుచే అంచులకు వెండి పూసలవంటి వరుసను అమర్చిరి. అది బలమునకు బలము, అందమునకు అందము. పక్కలపై మెరుగుపెట్టిన ఉలితో ఏటవాలుగా గాట్లు పెట్టి పూలదండలు చెక్కించిరి. ఆ గాట్లలో దీపకాంతి పడినప్పుడు నగలోని రాళ్లవలె తళతళలాడును. తక్కువ వెండితో ఎక్కువ వెలుగు రప్పించుట ఆ కార్ఖానా నేర్పు.

కాలమును ఆమెకు కలిసివచ్చెను. 1784లో ఆంగ్ల ప్రభుత్వము తేయాకుపై నూటికి 119 వంతున నున్న పన్నును పండ్రెండున్నరకు తగ్గించెను. అంతవరకు దొంగచాటుగా వచ్చుచుండిన తేయాకు బాహాటముగా ఇంటింటికి చేరసాగెను. తేనీరు త్రాగువారు పెరిగినచో కూజాలు, చెంచాలు, చక్కెర పట్టుకార్లు కావలసియుండును గదా! ప్రభువుల కోటలకు గాక, న్యాయవాదుల ఇండ్లకును, వర్తకుల ఇండ్లకును తగిన సరకు చేయుటయే హెస్టరు ఎంచుకొన్న మార్గము. 1790లో, ఎనుబది యేండ్లు దాటిన పిదప, ఆమె కుమారులకు పని అప్పగించి విశ్రమించెను. 1794లో మరణించెను.

ఆమె తరువాత కార్ఖానా కుమారులైన పీటర్, జానథన్‌ల పేర నడచెను. 1791లో జానథన్ మరణించెను. అతని భార్య ఆన్ బేట్‌మన్ అత్తగారి మార్గముననే నడచి, భర్త సోదరుడైన పీటరుతో కలిసి గుర్తు వేయించుకొనెను. 1800లో ఆమె కుమారుడు విలియము చేరెను. 1805లో ఆమె విరమించెను. అత్త వేసిన బాట కోడలికి అక్కరకు వచ్చెను.

హెస్టరు ఒక్కతెయే యనుకొనరాదు. ఎలిజబెత్ గాడ్‌ఫ్రే అను నామె వెండిపని చేయు తండ్రికి బిడ్డ. ఇద్దరు భర్తలును వెండిపనివారే. మొదటి భర్త 1731లోను, రెండవ భర్త 1741లోను గతించిరి. రెండు పర్యాయములును ఆమె దుకాణము మూయలేదు. కంబర్లండు ప్రభువునకు వెండి సరకు ఇచ్చుదాననని తన వ్యాపార పత్రముపై ముద్రించుకొనెను. లూయిసా కోర్టాల్డు ఫ్రాన్సు దేశమున పుట్టినది. మతవిషయమైన నిర్బంధములకు తాళలేక ఇంగ్లండు చేరిన ప్రొటెస్టెంటు కుటుంబములలోనిది. 1765లో భర్త మరణించగా, చిన్న బిడ్డలతో కార్న్‌హిల్ వీథిలోని దుకాణమును తానే నడిపెను. మొదట జార్జి కౌల్స్ అను వానితోను, పిదప కుమారునితోను పొత్తు కలిసి 1780 వరకు సాగించెను. రెబెకా ఈమ్స్ 1808లో భర్తను కోల్పోయి, ఎడ్వర్డు బర్నార్డు అను వానితో పొత్తు కుదుర్చుకొని 1829 వరకు లండనులోని పెద్ద కార్ఖానాలలో ఒకదానిని నడిపెను. రాజకుటుంబమునకు సరకు నిచ్చు వర్తకులు కూడ ఆమె కార్ఖానానుండి కొనెడివారు.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. ఈ స్త్రీలు స్వయముగా సుత్తె పట్టి వెండిని సాగగొట్టిరా? ముద్రను బట్టి ఆ సంగతి చెప్పుటకు వీలులేదు. ముద్ర ఆ వస్తువునకు బాధ్యత వహించిన యజమానిని మాత్రమే తెలుపును. పురుషుల విషయమునను అంతే. ప్రసిద్ధుడైన ఏ యజమానియు తన గుర్తు గల ప్రతి చెంచాను తానే చేయలేదు. కార్ఖానాలో కొలిమి చూచువాడొకడు, రేకు వంచువాడొకడు, చెక్కడపు పనివాడొకడు. లోహము కొనుట, కూలి కట్టుట, రూపము నిర్ణయించుట, బాకీలు రాబట్టుట, శిష్యులను తీర్చిదిద్దుట యజమాని పని. ఆ పని హెస్టరు దాదాపు ముప్పదియేండ్లు చేసెను. పురుషుని విషయమున "ఇది వాని పని" అని చెప్పుటకు వెనుదీయనివారు, స్త్రీ విషయమున మాత్రము "ఆమె చేతితో చేసినదా?" యని ప్రశ్నించుట న్యాయము కాదు. 1959లో ఆమెను గూర్చి వెలువడిన గ్రంథమొకటి ఆమెను ఆంగ్ల రజతకారులకు రాణి యని పేర్కొన్నది. అంతటి బిరుదు అక్కరలేదు. యజమానురాలు అను మాట చాలును.

అయితే వేరొక వైపు కూడ చూడవలెను. పాత్ర తయారైన పిదప దానికి మెరుగు పెట్టవలెను. గట్టి రాతితోను, నున్నని ఉక్కు పనిముట్టుతోను, సబ్బునీళ్లు తగిలించుచు, అంగుళము అంగుళము రుద్దవలెను. పందొమ్మిదవ శతాబ్దమున లండనులోను, షెఫీల్డులోను ఈ పని ఎక్కువగా స్త్రీలదే. షెఫీల్డులో చెంచాలను, ఫోర్కులను తిరుగు చక్రములకు ఆనించి, ఇసుక, నూనె కలిపిన ముద్దతో నునుపు చేయు యువతులు వందలకొలది యుండిరి. ఎగిరిపడు నల్లని మడ్డినుండి కాపాడుకొనుటకు తలకు గుడ్డ, కాళ్లకు ముదురు కాగితములు చుట్టుకొనెడివారు. ఇరువదవ శతాబ్దమున కూడ ఈ దృశ్యము అచట సామాన్యమే. ధనవంతుల భోజనశాలలో చెంచా మెరయుటకు వారి చేతులే కారణము. కాని వారి పేరు చెంచాపై లేదు. గుర్తు వేయించుకొను అధికారము యజమానికే గాని కూలికి లేదు.

గుర్తు ఒక్కటియే యున్నను చాలదు. ఆ గుర్తు ఎవరిదో చెప్పు పుస్తకము కూడ ఉండవలెను. గోల్డ్‌స్మిత్స్ హాలు పుస్తకములలో పెద్ద పాత్రలు చేయువారి పేర్లు వ్రాసిన 1758–1773 సంవత్సరముల నాటి సంపుటము పోయినది. అందుచే ఆ పదునైదేండ్లలో చేసిన పాత్రలపై గుర్తులు స్పష్టముగా కనబడుచున్నను, వాటిలో పెక్కింటికి యజమానులెవరో నిశ్చయముగా చెప్పలేకున్నారు. వెండి నిలిచినది, అక్షరములు నిలిచినవి, ఒక్క పుస్తకము లేకపోవుటచే మనుష్యులు మరుగుపడిరి. వారిలో స్త్రీలెందరో ఎవరు చెప్పగలరు? మిగిలిన పుస్తకములను పుటపుటయు చదివిన పరిశోధకుల శ్రమవలననే వెండిపనిలోని స్త్రీల సంగతి లోకమునకు తెలిసినది. అమెరికాలో వాషింగ్టను నగరమున స్త్రీల కళాకృతులకై 1987లో తెరచిన ప్రదర్శనశాలలో, ఇంగ్లండు, ఐర్లండు దేశముల రజతకార స్త్రీల వస్తువులకు ప్రత్యేకముగా స్థానమిచ్చిరి. ఆ వస్తువులను స్త్రీలవిగా గుర్తింపగలుగుటకు ఆధారము ఆ పాత చిట్టాలే.

ఇది లండను కథయే యైనను, ఇందలి న్యాయము ఏ ఊరికైనను వర్తించును. నేత యింట కండెలు చుట్టి, ఆసు పోసి, నూలు సరిచేయునది స్త్రీ. చీర అమ్ముడుపోవునది మగ్గము యజమాని పేర. కుమ్మరి యింట మన్ను తొక్కి మెదిపినదాని పేరు కుండ కొన్నవారికి తెలియదు. ఇట్టి వారికి ముద్ర వేయు హాలు ఏ ఊరిలోను లేదు. గ్రంథాలయము మాత్రము ఉన్నది.

కావున రజతోత్సవ సందర్భమున ఒక చిన్న పని చేయదగియున్నది. రజతోత్సవ సంచికలలో దాతల పేర్లు, కార్యదర్శుల పేర్లు అచ్చగుట ఆచారము. అది న్యాయమే. దానితోపాటు బైండు చేసిన పుస్తక మొకటి తెచ్చి, ఊరిలో చేతిపని యెరిగిన స్త్రీల పేర్లు, వారు చేయు పని, ఎవరివద్ద నేర్చినది, ఏయే సంవత్సరములలో చేసినది వ్రాయించి బీరువాలో నుంచవలెను. చదువురాని ముదుసళ్లు చెప్పగా చదువుకొన్న బాలికలు వ్రాయవచ్చును. హెస్టరు బేట్‌మనుకు వ్రాత రాకపోయినను, ఆమె పేరు వ్రాసికొన్న చిట్టా యొకటి యుండెను. ఈ పనికి అయ్యెడి వ్యయము ఒక పుస్తకము వెల. ఆరంభింపవలసినది, ఊరిలోని వృద్ధురాండ్రు ఇంకను చెప్పగలిగియున్నప్పుడే.